వంతెన మీద నా బదులు

కరీంనగర్‌లో డిగ్రీ చదివే రోజుల్లో నేను నెట్ సెంటర్‌కు ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని కాదు. ఆడపిల్ల ఒక్కతే ప్లైవుడ్ అరలో తలుపు వేసుకుని మధ్యాహ్నమంతా కూర్చుంటే ఆ సంగతి సాయంత్రానికల్లా హాస్టల్ వార్డెన్ చెవిన పడేది. అందుకని నా దోస్తును వెంట తీసుకెళ్ళేదాన్ని. ఇద్దరం వెళితే కాలేజీ పని కాబోలు అనుకునేవాళ్ళు.

మా ఇద్దరిదీ గోదావరిఖని. కంపెనీ క్వార్టర్లలో మా ఇల్లు ముందు వరుస, వాళ్ళది వెనక వరుస. మేము అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్ళం. మా బాపులిద్దరూ బొగ్గుబాయిలోకి ఒకే షిఫ్టులో దిగేవాళ్ళు. మేము ఎనిమిదో తరగతిలో ఉండగా వాళ్ళమ్మ కామెర్లతో పోయింది. ఏడాది తిరక్కముందే ఆ ఇంటికి ఇంకో ఆమె వచ్చింది. ఆమె చెడ్డ మనిషేమీ కాదు. కానీ ఈ పిల్ల ఆ ఇంట్లో చుట్టపుచూపుగా వచ్చినదానిలా మసిలేది. బడి నుంచి నేరుగా మా ఇంటికే వచ్చేది. మా అవ్వ ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని కూర్చోబెట్టుకుని జడలు వేసేది. డిగ్రీలో ఇద్దరికీ ఒకే కాలేజీలో సీటొచ్చినప్పుడు, "నువ్వు లేకుంటె మా బాపు నన్ను పంపకపోవునే," అంది. హాస్టల్లో మా మంచాలు పక్కపక్కనే ఉండేవి.

నెట్ సెంటర్ కమాన్ అనే పాత ద్వారానికి దగ్గర్లో, ఒక బట్టల దుకాణం మేడ మీద ఉండేది. నడిపే ఆయన భార్య ముందు గదిలో కుర్చీ వేసుకుని గోకరకాయలో చిక్కుడుకాయలో తుంచుతూ కూర్చునేది. మేము ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం. ఆమె ఉంది కాబట్టే హాస్టల్ అమ్మాయిలు అక్కడికి ధైర్యంగా వచ్చేవాళ్ళు. నేను మొదట వెళ్ళింది రికార్డు బుక్కు కోసం కప్ప గుండె బొమ్మ వెతకడానికి. పక్క అర తలుపు సందులోంచి ఎవరో ఆడుతున్న ఆట కనిపించింది. పచ్చటి కొండ మీద ఒక మనిషి బొమ్మ నిలబడి ఉంది. పరుగెత్తడం లేదు, కొట్టడం లేదు. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు ఉంది. కప్ప గుండెను మరిచిపోయి ఆ ఆట ఏమిటని పెద్దమ్మను అడిగాను.

లోపలికి వెళితే అదొక దేశం. ఊళ్ళు, అడవులు, చిత్తడి నేలలు, ఒక పెద్ద కోట. అక్కడ తిరిగే ప్రతి బొమ్మ వెనకా ఎక్కడో ఒక నెట్ సెంటర్‌లో నిజమైన మనిషి కూర్చుని ఉంటాడన్న సంగతి నన్ను పట్టుకుంది. అంతవరకు నాకు తెలిసిన మనుషులంతా మా క్వార్టర్ల వాళ్ళు, లేదంటే మా కాలేజీ వాళ్ళు. ఇక్కడ నేను ఎవరి కూతురినో, ఏ వరుస క్వార్టరో ఎవరికీ అక్కర్లేదు.

కత్తి పట్టేవాళ్ళు, బాణం వేసేవాళ్ళు, మంటలు విసిరేవాళ్ళు ఉండేవారు. నేను వైద్యం చేసే పాత్ర తీసుకున్నాను. అలాంటివాళ్ళను ఆటలో హీలర్ అంటారు. యుద్ధంలో వెనక నిలబడి, దెబ్బ తిన్నవాళ్ళ మీద మంత్రం వేసి నిలబెట్టాలి. చచ్చి పడినవాళ్ళను లేపాలి. చాలామందికి ఆ పని విసుగు. నాకు మాత్రం అదే నచ్చింది. నా పాత్రకు నేనొక పేరు పెట్టుకున్నాను. ఆ పేరు ఇక్కడ రాయాలనిపించడం లేదు.

నా దోస్తుకు ఆట పట్టలేదు. పక్కన స్టూలు మీద కూర్చుని పల్లీలు తింటూ తెర చూసేది. "ఏందే గీ బొమ్మలు, పాపం నడిచి నడిచి కాళ్ళు నొయ్యవా?" అని నవ్వేది. కొన్నాళ్ళకు తెర మీద వచ్చే మాటలను పైకి చదవడం మొదలుపెట్టింది. నేను టైపు చేస్తుంటే ఏం రాయాలో చెప్పేది. ఆమె చెప్పినవి నేను రాసేదాన్ని కాదు.

ఒకరోజు నా దోస్తు పల్లీలు కొనడానికి కిందికి దిగినప్పుడు, నేను చిత్తడి నేల దాటుతుంటే బురదలో ఒక కత్తివీరుడు చచ్చి పడి ఉన్నాడు. పక్కనుంచి అందరూ పోతున్నారు. ఎవరూ లేపడం లేదు. నేను "అయ్యో" అని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి మంత్రం వేశాను. అతను లేచి నిలబడ్డాడు. ఒక్క క్షణం ఆగి, "తెలుగా?" అని అడిగాడు.

అతనిది భైంసా. వాళ్ళకు పత్తి జిన్నింగు మిల్లు ఉంది. మధ్యాహ్నం భోజనానికి వాళ్ళ నాన్న ఇంటికి పోయినప్పుడు ఇతను మిల్లు నుంచి జారుకుని నెట్ సెంటర్‌కు వచ్చేవాడు. మాటల మధ్య మరాఠీ ముక్కలు దొర్లేవి. ఏదైనా బాగుంటే "లై భారీ" అనేవాడు. నన్ను డాక్టరమ్మా అని పిలిచేవాడు, నేను సేటూ అనేదాన్ని. అసలు పేర్లు అడగలేదు. అడగకపోవడమే మర్యాద అనిపించేది.

ఆ దేశంలో ఒక రాతి వంతెన ఉండేది. అక్కడ రాక్షసులు రారు, యుద్ధాలు లేవు. పొద్దు ఎప్పుడూ అప్పుడే కుంగుతున్నట్టు ఉండేది. మా బొమ్మలను ఆ వంతెన గోడ మీద కూర్చోబెట్టి మేము మాట్లాడుకునేవాళ్ళం. ఆరేసిన బట్టల మీద బొగ్గు దుమ్ము పడుతుందని మా అవ్వ గాలి ఎటు వీస్తుందో చూసి గాని బట్టలు ఆరేయదని చెప్పాను. తమ ఇంట్లో బట్టల మీద పత్తి నూగు పడుతుందని అతను చెప్పాడు. "మీకు నల్లగ, మాకు తెల్లగ. అంతే ఫరక్," అని రాశాడు. పై చదువు చదవాలని ఉందని, మిల్లు చూసుకోమని నాన్న అంటున్నాడని ఒకసారి రాశాడు. ఆ మాట ఇంకెవరికీ చెప్పలేదన్నాడు. దాన్ని నేను ప్రేమ అనుకోలేదు. ఇప్పుడూ అనను. కానీ మధ్యాహ్నం క్లాసులో కూర్చుని గడియారం చూసేటప్పుడు నేను చూసింది ఆ వంతెన కోసమే.

అతనే నన్ను తమ జట్టులో చేర్చాడు. దాన్ని గిల్డ్ అనేవాళ్ళు. అందరూ తెలుగువాళ్ళే. గిల్డ్ పెద్ద హైదరాబాదులో రాత్రిపూట కాల్ సెంటర్లో పనిచేస్తూ పగలంతా ఆడేవాడు. మా గిల్డ్ మొదటిసారి కోటను గెలిచిన రోజు నాకు బాగా గుర్తుంది. కోట తలుపు దగ్గర సేటు ముందు నిలబడ్డాడు. అటు నుంచి ఎంతమంది మీద పడినా కూలలేదు, ఎందుకంటే వెనక నేనున్నాను. గెలిచామని తెర మీద అక్షరాలు పడగానే నా దోస్తు స్టూలు మీదనుంచి లేచి నన్ను వాటేసుకుని అరిచింది. పెద్దమ్మ గాబరాగా తలుపు తీసి, "ఏమైంది బిడ్డా? పాసైండ్రా?" అంది.

"కాదు పెద్దమ్మా, కోట గెలిచినం," అంది నా దోస్తు.

"గెలిచినం" అంది. అప్పుడా మాట నాకు ముద్దుగానే వినిపించింది.

ఆ ఎండాకాలం ముందర మా బాపు షిఫ్టు దిగి బండి మీద వస్తుంటే బర్రె అడ్డం వచ్చి పడ్డాడు. తొంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు గాని మంచం దిగడానికి నెలలు పడుతుందన్నారు. ఆయన్ను లేపాలన్నా, పక్కకు తిప్పాలన్నా అవ్వ ఒక్కతే చేయలేదు. తమ్ముడు చిన్నవాడు. నేను బట్టలు సర్దుకున్నాను.

అప్పుడే రెండో కోట యుద్ధానికి గిల్డ్ సిద్ధమవుతోంది. చాలా రోజులు లోపలికి రానివాళ్ళను గిల్డ్ పెద్ద జట్టులోంచి తీసేస్తాడు. నేను నా దోస్తుకు పాస్‌వర్డ్ చెప్పాను.

"రోజు ఒక్కసారి లోపటికి పోయి రాయే. ఆడకు, ఊకె కూసో. సేటు వస్తడు. బాపు పడ్డడని, నేను జర ఆలస్యంగ వస్తనని చెప్పు."

"చెప్త తియ్యే. నువ్వు ఫికర్ చెయ్యకు, బాపును చూసుకో," అంది. బస్టాండు దాకా వచ్చి నా సంచి తనే మోసింది.

ఇంట్లో నా పని పొద్దున సైరన్‌తో మొదలయ్యేది. బాపుకు ఒళ్ళు తుడవడం, అన్నం తినిపించడం, ఆయన విసుక్కుంటే పడటం. కాళ్ళు లేనట్టు పడుకోవడం ఆయనకు చేతకాలేదు. మధ్యాహ్నం ఆయన కన్ను మూతపడినప్పుడు నేను వాకిట్లో కూర్చుని, ఇప్పుడు వంతెన మీద ఎవరున్నారో అనుకునేదాన్ని. సెలవులకు కూడా నా దోస్తు ఇంటికి రాకుండా హాస్టల్లోనే ఉండిపోయింది. ఆదివారం అక్కడి ఫోనుకు చేసేదాన్ని.

"చెప్పినవా?"

"చెప్పిన. అందరు నిన్నే అడుగుతుండ్రు. జల్ది రమ్మన్నరు. సేటు అయితె మస్తు పరేషాన్ అయిండు, బాపుకు ఎట్లున్నదని అడిగిండు."

ఆ మాటను నేను బాపుకు కూడా చెప్పాను, భైంసాలో ఒకాయన నీ గురించి అడిగాడని. నా గురించి ఎందుకడిగిండని బాపు ఆశ్చర్యపోయాడు. అయినా సంతోషించాడు.

వానలు మొదలయ్యాక తిరిగి కరీంనగర్ వెళ్ళాను. సంచి మంచం మీద పెట్టి, మొహం కడుక్కుని, "పా, పోదాం," అన్నాను. తలనొప్పిగా ఉందని, రేపు పోదామని ఆమె అంది. మర్నాడు దర్జీ దగ్గర పని ఉందంది. ఇక ఆగలేక మొదటిసారి నేను ఒక్కదాన్నే మెట్లెక్కాను. పెద్దమ్మ బాపు గురించి అడిగింది. అరలో కూర్చుని పాస్‌వర్డ్ కొట్టాను. తప్పని వచ్చింది. మళ్ళీ కొట్టాను. ఒక్కొక్క అక్షరం చూసి కొట్టాను. తప్పే.

ఏదో పొరపాటయిందనుకున్నాను. ఆట లోపలికి పోయి సేటును అడిగితే తెలుస్తుందని అప్పటికప్పుడు కొత్త పాత్ర ఒకటి చేశాను. కొత్తగా పుట్టిన బొమ్మకు ఒంటి మీద గోనెపట్ట లాంటి బట్ట తప్ప ఏమీ ఉండదు, మెల్లగా నడుస్తుంది. దారిలో నక్కలు కరిస్తే రెండుసార్లు చచ్చాను. చివరికి వంతెన చేరాను.

వంతెన గోడ మీద సేటు కూర్చుని ఉన్నాడు. అతని పక్కన నేను కూర్చుని ఉన్నాను. నా తెల్లటి అంగీ, నా చేతికర్ర, తల మీద నా పేరు.

నేను టైపు చేశాను: "సేటూ, నేను. డాక్టరమ్మను."

తర్వాత నా పేరుతో ఉన్న బొమ్మ తల మీద అక్షరాలు వచ్చాయి: "ఎవరో పిచ్చోళ్ళు. పట్టించుకోకు."

అతను, "ఎవరు మీరు?" అని రాశాడు.

నేను గబగబా రాశాను. చిత్తడి గురించి, బొగ్గు దుమ్ము గురించి, పత్తి నూగు గురించి. తొందరలో అక్షరాలు తప్పులు పడ్డాయి. చుట్టూ గిల్డ్ వాళ్ళు చేరారు. ఒకడు నవ్వే గుర్తులు పెట్టాడు. దొంగ అకౌంట్ అని ఇంకొకడు రాశాడు. గిల్డ్ పెద్ద వచ్చి అంతా చదివి, "అసలు ఎవరైనా కానీ తల్లీ, మాకు యుద్ధానికి హీలర్ కావాలె. నువ్వు గిప్పుడే పుట్టినవు," అని రాశాడు. ఆ తర్వాత నేను రాసింది వాళ్ళకు కనిపించడం ఆగిపోయింది. నా మాటలు కనబడకుండా చేసే మీట ఒకటి ఉంటుంది, అది నొక్కేశారు. నేను వంతెన మీద నిలబడి ఇంకా టైపు చేస్తూనే ఉన్నాను. ఆ ఇద్దరూ లేచి కోట వైపు నడిచిపోయారు. అతను ముందు, ఆమె వెనక.

ఆమె సాయంత్రం హాస్టల్‌కు వచ్చింది. ఊరికి ఆ చివర ఇంకో నెట్ సెంటర్ ఉంది, అక్కణ్ణుంచి. నేను మంచం మీద కూర్చుని ఉన్నాను. నన్ను చూడగానే చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి నిలబడిపోయింది.

"ఎందుకు చేసినవే?" అన్నాను.

"నువ్వే గదా పొమ్మన్నది."

"కూసోమన్న. నేనై కూసోమనలే."

"చెప్దామనే పోయిన. మొదటి దినం డాక్టరమ్మా అని పిలిచిండు. ఎట్లున్నవు, అన్నం తిన్నవా అని అడిగిండు. నన్ను ఎవరడిగిండ్రే అట్ల? తిన్న అని రాసిన. గంతే." ఆమె ఏడవలేదు. గోడను చూస్తూ చెప్పింది. "నీకు అవ్వ ఉన్నది, బాపు ఉన్నడు. నీకు గది ఆటనే గదా. ఇంకోటి ఆడుకుంటవు."

"మా బాపు సంగతి అడిగిండని చెప్పినవు గదా?"

ఆమె చెప్పులు విప్పడానికి వంగింది. అంటే అతను అడగలేదు. అడగడానికి అతనికి తెలిస్తే కదా. అబద్ధమాడి మా బాపును సంతోషపెట్టింది. అన్నిటికంటే ఎక్కువగా నన్ను మండించింది అదే. పాస్‌వర్డ్ ఇయ్యమన్నాను. ఇయ్యనంది. వార్డెన్‌కు చెబుతానన్నాను. ఏమని చెప్పాలో తెలియక చెప్పలేదు. కాలేజీకి ఫిర్యాదు చేయడానికి, పోలీసులకు చెప్పడానికి అదేమైనా గొలుసా, గాజులా? ఎవరికి చెప్పినా నవ్వేవాళ్ళు. నా మంచాన్ని కిటికీ పక్కకు జరుపుకున్నాను. చివరి ఏడాది మేము ఒకే గదిలో మాట్లాడకుండా చదివాము. ఇళ్ళకు పోయినప్పుడు మాత్రం మా అవ్వ ముందు మామూలుగా ఉండేవాళ్ళం. మా అవ్వ ఆమెకు జడ వేస్తుంటే నేను లేచి బయటికి పోయేదాన్ని.

తర్వాత కొన్నాళ్ళకు ఆ ఆటే మూతపడింది. నడిపే కంపెనీ లాభం లేదని ఆపేసిందట. నా మనసు కాస్త శాంతించినట్టే అనిపించింది. నాది కానిది ఇక ఎవరిదీ కాదు.

నేను బీఈడీ చేస్తుండగా ఒకరోజు అవ్వ ఫోన్ చేసి, "దోస్తు పెండ్లట బిడ్డా. భైంసా పిలగాడు. కంప్యూటర్ల పరిచయమైండట, వాళ్ళ బాపు ఒప్పుకుండు. నీకు ముందే ఎర్కనా?" అంది.

నాకు తెలియదన్నాను. రానన్నాను. అవ్వ ఊరుకోలేదు. "తల్లి లేని పిల్ల. మనం గాక ఎవరు పోతరు?" అంది.

పెళ్ళి ధర్మపురిలో, గుడికి దగ్గర్లో ఒక సత్రంలో జరిగింది. తలంబ్రాలయ్యాక అవ్వ నన్ను చెయ్యి పట్టి వేదిక మీదికి లాక్కెళ్ళింది. అప్పుడు చూశాను అతన్ని. పొట్టిగా, కళ్ళద్దాలతో, చెమటకు బాసింగం పక్కకు జారి ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు. "మీరేనా? మస్తు చెప్తది మీ గురించి. చిన్నప్పటి దోస్తులట గదా," అన్నాడు. పెళ్ళికూతురి వైపు తిరిగి, "డాక్టరమ్మా, గిటు సూడు, మీ దోస్తు వచ్చింది," అన్నాడు.

ఆమె గోరింటాకు చేత్తో నా చెయ్యి పట్టుకుంది. వంగి, చెవిలో, "నీ కాల్మొక్త, ఏమనకే," అంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. నా పక్కన మా అవ్వ తన కూతురి పెళ్ళే అయినట్టు కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. నేను అక్షింతలు వేసి దిగాను. మధ్యాహ్నం బస్సుకే వచ్చేశాను, భోజనానికి ఆగలేదు.

ఇప్పుడు నేను ఉట్నూర్ దగ్గర ఆడపిల్లల రెసిడెన్షియల్ స్కూల్లో సైన్సు చెబుతున్నాను. పోయిన పత్తి సీజనులో ఒక సంత రోజు, ప్రయోగాలకు నిమ్మకాయలూ బ్యాటరీలూ కొనడానికి వెళ్ళాను. జీపులు ఆగే చోట హోటల్లో చాయ్ తాగుతుంటే ఒకాయన దగ్గరికొచ్చి, "మీరు మా ఇంటామె దోస్తు గదా," అన్నాడు. జుట్టు పల్చబడింది. ఒళ్ళు చేసింది. పత్తి చూడటానికి అప్పుడప్పుడు ఈ వైపు వస్తుంటానన్నాడు. లేచి పోవచ్చు. కానీ కూర్చున్నాను.

పిల్లల గురించి, రోడ్ల గురించి మాట్లాడాడు. తర్వాత ఫోను తీసి, "గిది సూడుండ్రి, మీకు నవ్వొస్తది," అన్నాడు. ఆ పాత ఆటను దాని మీద మోజున్న కొందరు ఎక్కడో కూర్చుని మళ్ళీ నిలబెట్టారట. అదే దేశం, అవే ఊళ్ళు. ఫోనులో వంతెన బొమ్మ ఉంది. పొద్దు అలాగే కుంగుతోంది. ఇన్నేళ్ళలో నేనొక్కసారి కూడా దాన్ని మళ్ళీ చూడలేదు.

"మా ఆమెను రమ్మంటె రాదు. గిప్పుడు ఇంట్రెస్టు లేదంటది," అన్నాడు. "ఎట్ల ఆడేటోళ్ళమో. చిత్తడిల నన్ను ఆమెనే లేపింది, ఎరుకేనా?"

గ్లాసు కింద పెట్టాను. "లేపింది నేను," అన్నాను.

అతను నా వైపు చూడలేదు. ఫోను తెర ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, "ఎరుకే," అన్నాడు.

"ఎప్పటిసంది?"

"ఆమె వచ్చిన మొదటి దినమే. మంత్రం ఏడ నొక్కాల్నో ఎరుక లేకపాయె. పక్కనే నిలబడి నన్ను సావనిచ్చింది. నువ్వు అట్ల ఎన్నడు సేయలే." ఎప్పుడో తెలియకుండా 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. "ఆమెకు అన్ని నేనే నేర్పిన."

"మరి నేనేమైననో అడగలేదా?"

"ఒక్కసారి అడిగిన. ఆమె రెండు దినాలు రాలే. మల్ల అడగలే."

బయట జీపు డ్రైవరు భైంసా భైంసా అని అరుస్తున్నాడు.

"వంతెన కాడికి గోనెబట్టతోని వచ్చిన దినం? గది నేనే అని ఎరుకేనా?"

"ఎరుకే."

"మరి 'ఎవరు మీరు' అని అడిగినవు."

"అందరు సూస్తుండ్రి. ఆమె పక్కన్నే ఉండె. ఏమనాలె గప్పుడు?"

"పెండ్లిల? 'మీరేనా' అన్నవు."

"చిన్నప్పటి దోస్తంటె నువ్వే అని సమజైంది. పెండ్లిపీట మీద కూసొని ఏమంటరు?" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆపేశాడు. "సూడు, నువ్వు ఎల్లిపోయినవు. ఆమె రోజు వచ్చింది. నాకు మిల్లుల పానం పోతుండె గప్పుడు. మాట్లాడెటందుకు ఒక మనిషి కావాలె. ఎవరని ఎందుకు తవ్వుకోవాలె?"

నేను వెళ్ళిపోలేదు, మా బాపు మంచాన పడ్డాడు అని చెప్పాను. ఆ సంగతి ఇప్పుడే వింటున్నానన్నాడు. అది నిజమే అయి ఉంటుంది. నేను లేచాను. చాయ్ పైసలు తానిస్తానన్నాడు. వాకిలి దాకా వెనకే వచ్చి, "కొత్తదాన్ల కూడ మాకు మంచి హీలర్ లేడు. వస్తవా? ఎవరికి చెప్పను," అన్నాడు. అతను నిజంగానే అడుగుతున్నాడు. ఎగతాళి లేదు. అదే నాకు భరించరానిదైంది. జవాబు చెప్పకుండా సంత మధ్యలోంచి నడిచి వచ్చేశాను. నిమ్మకాయల సంచి హోటల్లోనే మరిచిపోయానని స్కూలు గేటు దగ్గర తెలిసింది.

ఇన్నేళ్ళూ నేను ఆమెనొక్కదాన్నే దోషిని చేసి పెట్టుకున్నాను. అతను మోసపోయినవాడని, నాలాంటివాడేనని అనుకున్నాను. నిజం తెలిస్తే అతనెంత బాధపడతాడో అని ధర్మపురిలో ఆ వేదిక దిగుతూ జాలి కూడా పడ్డాను. ఆ జాలిని తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. నా నంబరు ఎక్కడిదో అడగలేదు, మా అవ్వ ఇచ్చి ఉంటుంది. స్టాఫ్ రూములో ఎవరూ లేరు.

"కలిసినవట. గాయన చెప్పిండు," అంది. గొంతు సన్నగా ఉంది. "ఏం చెప్పినవే ఆయనకు? నీ దండం పెడ్త, నిజం చెప్పు. నాకు పిల్లలున్నరు."

అప్పుడర్థమైంది. తనకు తెలుసన్న సంగతి అతను ఆమెకు ఇప్పటిదాకా చెప్పలేదు. ఆమె ఇన్నేళ్ళూ భయపడుతూనే ఉంది.

ఒక్క క్షణం నా నోట్లో అబద్ధం మెదిలింది. ఏం చెప్పలేదంటే సరిపోయేది. కానీ ఆ ఇద్దరి కోసం నేను ఇంకొక్క మాట కూడా దాచదలుచుకోలేదు.

"నేను చెప్పేదేముందే? ఆయనకు మొదటి దినంసందే ఎరుక," అన్నాను.

అవతల తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

"మొదటి దినంసందా?"

"ఔ."

"అబద్ధం. మరి నన్నెందుకు అడుగుతుండె? పిల్లల ముంగట, చుట్టాల ముంగట, చిత్తడి కాడ నన్ను ఎట్ల లేపినవో చెప్పు అంటుండె. నాకేం ఎరుక? ఏదో ఒకటి అల్లి చెప్పేదాన్ని. ఒకసారి చెప్పినట్టు ఇంకోసారి చెప్పరాకపోయేది. గాయన ఇనుకుంట నవ్వుతుండె." ఊపిరి పీల్చిన చప్పుడు. "అంటే గన్నిసార్లు నన్ను సూసి నవ్విండా? నాకెందుకు చెప్పలే?"

"గది నన్నెందుకు అడుగుతున్నవే," అన్నాను.

ఆమె ఏడ్చింది. హాస్టల్లో ఆ రోజు ఏడవని ఏడుపు ఇప్పుడు ఏడ్చింది. చిన్నప్పుడు వాళ్ళమ్మ పోయిన రోజు ఆమెను పట్టుకుని కూర్చున్నది నేనే. ఇప్పుడు ఒక్క మాట అనాలని ఉంది, నోరు రాలేదు. ఆమె మీద కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. అది తగ్గకుండానే అతని మీద ఇంకో కోపం వచ్చి దాని పక్కన కూర్చుంది. బెల్లు కొట్టారు. క్లాసుంది, పోవాలన్నాను. సరే అంది.

ఇదంతా మా ఆయనకు చెప్పాను. ఆయన ఓపికగా విని, "పాత ఆట గదనే. గిన్నేండ్లైంది, ఇడిసిపెట్టు," అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. ఆ పూట ఆయనతో మాట్లాడలేదు.

కొత్తగా తెరిచిన ఆ ఆట నా కంప్యూటర్లో పెట్టుకోవడం ఎలాగో తెలుసుకున్నాను. పెట్టుకోలేదు. ఆ సంగీతం మాత్రం ఒకరోజు వీడియోలో విన్నాను. వంతెన దగ్గర వచ్చే పిల్లనగ్రోవి మొదలు కాగానే పెద్దమ్మ ముందు గది, గోకరకాయల వాసన, స్టూలు మీద పల్లీలు నమిలే చప్పుడు అన్నీ ఒక్కసారిగా వచ్చాయి. ఆ మధ్యాహ్నాలు నాకు కావాలి. వాటిలో ఆ ఇద్దరు లేకుండా నాకు కావాలి, కానీ వాళ్ళను తీసేస్తే అక్కడ ఏమీ మిగలదు. సగంలో ఆపేశాను.

ఆమె మళ్ళీ ఫోన్ చేయలేదు. వాళ్ళింట్లో ఆ తర్వాత ఏ మాటలు నడిచాయో నాకు తెలియదు, మా అవ్వను అడగలేదు. అతను మా సంతకు రావడం మానేశాడు. ఈ సీజనులో పత్తి చూడటానికి వాళ్ళ గుమస్తా వస్తున్నాడు.